ముక్కాలికి ఇంటిచూపులు

బుట్ట మూత తీసి, కుందేళ్ల దుకాణం నడిపే ఎస్తేరు కుందేలును చాప మీదికి దించేసరికి గదిలో అందరూ బిగుసుకుని కూర్చుని ఉన్నారు. లోవరాజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అతని భార్య మాణిక్యం పళ్లెంలో కొత్తిమీర, లేత గడ్డి సర్ది పెట్టింది. పదేళ్ల కూతురు ధాత్రి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, దుకాణంలో నేర్పినట్టే, కుందేలు వైపు కాకుండా గోడ వైపు చూస్తోంది. కిటికీ పక్కన మంచం మీద లోవరాజు తల్లి బంగారమ్మ కూర్చుని వీధిలోకి చూస్తోంది. ఎదురింటి వాళ్లు తమ కిటికీలోంచి వీళ్లను చూస్తున్నారు. చూడరా మరి? కాకినాడ జగన్నాథపురంలో ఆ సందులో పెళ్లివారు దిగినా అంత ముస్తాబు ఉండదు.

ఇంటిచూపులంటే అలాగే ఉంటాయి. దుకాణానికి వెళ్లి, చెవులు పట్టుకుని పైకి లేపి చూసి, నచ్చిందని సంచిలో వేసుకొచ్చే రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు కుందేలే ఇంటికి వస్తుంది. ఇల్లు దానికి నచ్చాలి. నచ్చిందో లేదో దాని చెవి మొదట్లో గురిగింజంత ఎదదీపం చెబుతుంది. నెత్తురు పరుగునూ, గుండె కొట్టుకునే తీరునూ లోలోపల చదువుకుని, ప్రాణం కుదుటగా ఉంటే పచ్చగా, జంకితే పసుపుగా, హడలిపోతే ఎర్రగా వెలుగుతుంది. ఒక ఇంట్లో మూడుసార్లు చూపులు జరిగి మూడుసార్లూ ఎరుపే వస్తే, ఆ ఇంటికి ఇక ఏ దుకాణమూ ఏ ప్రాణినీ ఇవ్వకూడదు. లోవరాజు ఇంటికి ఇది రెండోసారి. మొదటిసారి ఎరుపే వచ్చింది.

వచ్చిన కుందేలు పేరు ముక్కాలి. ధాత్రి పెట్టిన పేరే. దానికి వెనక కాలు ఒకటి లేదు. ఎవరో దొంగచాటుగా పెరట్లో ఇనుప వల గూళ్లలో కుందేళ్లను పెంచి అమ్ముతుంటే పట్టుకుని తెచ్చినవాటిలో ఇదొకటి. వల తీగ మీద నిలబడీ నిలబడీ పాదం పుండై కాలు తీసేయాల్సి వచ్చింది. దానితో పాటు బుట్టలో ఒక బూడిదరంగు ముసలి కుందేలు కూడా దిగింది. ఒంటరి కుందేలును ఏ ఇంటికీ పంపకూడదు, జంటగానే పంపాలి. అయితే ఈ తోడిపెళ్లికూతురికి ఏ ఇల్లయినా ఒకటే. దిగీ దిగగానే కొత్తిమీరలో మూతి పెట్టింది.

ముక్కాలి కాసేపు కదలలేదు. దీపం పసుపుగానే ఉంది. తరవాత ముక్కు అదిరింది. ఒక గెంతు, చిన్న తడబాటు, ఇంకో గెంతు. పసుపులో పచ్చదనం కలుస్తోంది. ధాత్రి పెదవులు బిగించి గోడనే చూస్తోంది. సరిగ్గా అప్పుడు లోవరాజుకు తల్లి కాఫీ గుర్తొచ్చింది.

"అమ్మా! కాఫీ తాగేవా?"

ఆ గొంతుకు కిటికీ రెక్క గలగలలాడింది. ముక్కాలి చాపకు అతుక్కుపోయింది. చెవులు వీపుకు అంటుకున్నాయి, కళ్లు బయటికి వచ్చేసినట్టయ్యాయి, దీపం పండుమిరపకాయలా ఎర్రబడింది. ఇంకాసేపు చూద్దామని ఎస్తేరు ఆగింది గానీ ఎరుపు తగ్గలేదు. ఆమె వంగి, కుందేలు ఒంటి కింద చెయ్యి వేసి, మెల్లగా బుట్టలో పెట్టుకుంది.

"కుదరలేదండి, లోవరాజు గారూ."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని వాదించే రకం లోవరాజు. ఈ కుందేటికి నిజంగానే మూడు కాళ్లు కావడంతో ఆ దారిన వాదించడానికి ఏమీ దొరక్క, దీపమే పాడైందన్నాడు. మా ఇంట్లో తన్నుకుంటున్నామా, తాగి పడిపోతున్నామా, తిండి పెట్టమా, ఏం లోటు చూసిందండీ అని నిలదీశాడు. ఎస్తేరు కసురుకోలేదు. ఆ దుకాణం పెట్టినప్పటి నుంచి ఇలాంటి తండ్రులను ఎందరినో చూసింది.

"భయపడిందని మాత్రమే దీపం చెబుతుందండి. ఎందుకు భయపడిందో చెప్పదు. అది మీరు చూసుకోవాల్సిందే," అని బుట్ట ఎత్తుకుంది.

ఎదదీపం వచ్చిన కొత్తలో దాన్ని ఆవులకూ గేదెలకూ పెట్టారు. ఎర్రదీపం గేదె పాలు ఎవరూ కొనకపోయేసరికి పాకల్లో మెత్తని నేల, చల్లని నీడ వచ్చాయి. తరవాత కోళ్లకు, కుక్కలకు పెట్టారు. వీధికుక్కల దీపాలన్నీ ఒక్కసారి ఎర్రబడడం చూశాక దీపావళికి చిచ్చుబుడ్లు మిగిలాయి గానీ బాంబులు పోయాయి. కుందేళ్ల వంతు ఆఖరున వచ్చింది. అవి అరవవు, కరవవు, మూల నక్కి కూర్చుంటాయి. పూర్వం దుకాణాల్లో అద్దాల పెట్టెల్లో కదలకుండా కూర్చున్న కుందేలును చూసి, ఎంత బుద్ధిమంతురాలో, బొమ్మలా ఉందని మురిసిపోయి పిల్లల చేతిలో పెట్టేవాళ్లు. మొదటిసారి దీపాలు పెట్టిన రోజున ఊరి దుకాణాల్లోని ఆ బొమ్మలన్నీ ఎర్రగా వెలిగాయి. బుద్ధి అనుకున్నదంతా భయమని అప్పుడు తెలిసింది. చట్టం వచ్చింది, ఇంటిచూపులు వచ్చాయి. ఆ వెనకే పెళ్లిళ్ల పేరయ్యలు కూడా, "మీ ఇంటికి కుందేలు ఒప్పుకుందాండి?" అని అడగడం నేర్చుకున్నారు. మనవాళ్లు దేన్నయినా సంబంధాల్లోకి లాక్కురాగలరు.

ధాత్రి ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదని మాణిక్యానికి అనిపించింది. బడి కాగానే దుకాణానికి వెళ్లి ముక్కాలి పక్కన నేల మీద కూర్చునేది. అక్కడ అది ఆమె ఒళ్లోకి ఎక్కి, పళ్లు మెల్లగా నూరుకుంటూ, పచ్చదీపంతో కునుకు తీసేది. కుందేలు అలా పళ్లు నూరితే సంతోషమని ఎస్తేరు చెప్పింది. మూడోసారి కూడా తప్పితే దీని సంగతేమిటని ధాత్రి అడిగింది. ఎస్తేరు అబద్ధం చెప్పలేదు. అడిగేవాళ్లంతా నాలుగు కాళ్ల కుందేలునే అడుగుతున్నారని, మూడు కాళ్లదాన్ని కావాలన్నది నువ్వొక్కదానివేనని చెప్పింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ధాత్రి తండ్రి ముందు నిలబడింది.

"నాన్నా, నువ్వు మాట్లాడితే దానికి భయమేస్తంది."

"నేనేం తిట్టానే దాన్ని?"

"తిట్టలేదు. అరుస్తావు."

"అరవడం కాదే అది. నా గొంతే అంత," అన్నాడు లోవరాజు, వీధి చివరిదాకా వినబడేలా.

ఆ మాట అబద్ధం కాదు. ఒకప్పుడు హార్బరులో చేపల వేలంపాట పాడేవాడు. వంజరం, సందువా, పండుగప్పా గుట్టలు పోసి, మరబోట్ల చప్పుడును దాటుకుని పాట పెడితే రేవు అవతలి ఒడ్డున కూడా వినబడేదని చెప్పుకునేవారు. ఆ గొంతే ఇంటిని నిలబెట్టింది, మాణిక్యాన్ని తెచ్చింది. తరవాత చేపల ధరలు తెరల మీదికి ఎక్కాయి. గొంతుతో పని లేకుండా పోయింది. లోవరాజు ఇప్పుడు మంచు గిడ్డంగిలో పెట్టెలు లెక్క చూస్తాడు. ఆ గొంతు మిగిలింది ఇంట్లోనే. దాన్ని తగ్గించమంటే ఉన్న ఒక్క ఆస్తినీ అమ్ముకోమన్నట్టు అనిపించింది అతనికి.

పైగా ఒక కారణం ఉందన్నాడు. మెల్లగా మాట్లాడితే మీ నానమ్మకు ఎలా వినబడుద్దని అడిగాడు. బంగారమ్మకు చెవులు మందగించి చాలా కాలమైంది. చెవిపూస కొనిచ్చారు. సెనగగింజంత ఉంటుంది, చెవిలో పెట్టుకుంటే చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. ఆమె కొన్నాళ్లు పెట్టుకుని, గుచ్చుకుంటోందని తీసి పౌడరు డబ్బాలో పడేసింది. ఎన్ని రకాలు మార్చినా అదే మాట. చెవులు మందగించినప్పటి నుంచి ఇంట్లో అందరూ ఆమెతో కేకలతోనే మాట్లాడుతున్నారు. అన్నం తిన్నావా అన్నా కేకే, మాత్ర వేసుకో అన్నా కేకే. కేక అలవాటైన ఇంట్లో ఉప్పు అందుకోమన్నా కేకే అయింది.

"దగ్గరికెళ్లి చెప్పొచ్చు కదా నాన్నా," అంది ధాత్రి.

లోవరాజు కూతురి మొహం చూశాడు. వాదిస్తే గెలుస్తాడు. గెలిచి ఏం చేసుకోవాలో తెలియలేదు. సరేలే అన్నాడు, ఆ సరే కూడా కేకలాగే వచ్చింది.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో నోటి ఉపవాసం మొదలైంది. ఉప్పు కావాలంటే లేచి తెచ్చుకోవాలి. పిలవాలంటే దగ్గరికి వెళ్లాలి. లోవరాజు గొంతు మీదికి లేస్తున్నప్పుడల్లా మాణిక్యం గరిట చూపించేది. అలవాటు లేని ఔపోసనలా అతనికి మాటలు గొంతులో అడ్డం పడేవి. గుసగుసలాడబోతే దగ్గొచ్చేది. ఇల్లు అంత నిశ్శబ్దమయ్యేసరికి సందులో కంగారు పుట్టింది. ఎదురింటావిడ చక్కెర వంకతో వచ్చి, మీ ఇద్దరికీ మాటల్లేవటగా అని మాణిక్యాన్ని పక్కకు పిలిచి అడిగింది. మాటలున్నాయి, అరుపులే లేవని మాణిక్యం చెబితే నమ్మకుండానే వెళ్లింది.

తల్లి దగ్గరికి వెళ్లడమే లోవరాజుకు అన్నిటికంటే కష్టమైంది. గుమ్మంలోంచి కేకేస్తే సరిపోయే పని ఇన్నాళ్లూ. మొదటి రోజు మంచం మీద ఆమె పక్కన కూర్చుని, ఏం చేయాలో తోచక ఆమె చెయ్యి పట్టుకున్నాడు. బంగారమ్మ ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది. కొడుకు మొహంలోకి చూసి, "ఎవరు పోయేర్రా?" అని అడిగింది.

లోవరాజుకు నవ్వొచ్చింది. నవ్వుతూనే లేచి పెరట్లోకి వెళ్లి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. చావు కబురు చెప్పడానికి తప్ప కొడుకు తన పక్కన కూర్చోడని ఆమె అనుకుంది. ఆ సంగతి ఎంత కడిగినా పోలేదు.

అయినా మర్నాడూ కూర్చున్నాడు. ఆమె మొహానికి ఎదురుగా, పెదవులు కనబడేలా, నిదానంగా, తిన్నావా అని అడిగాడు. తిన్నానని తలూపింది. ఇంకో రోజు ఆమే చేతిని అతని చేతిలో ఉంచింది. పెళ్లయిన కొత్తలో ఉప్పాడ కెరటాలను చూసి ఎంత భయపడిందో, అతని తండ్రి ఎలా ఏడిపించాడో చెప్పింది. ఆ కథ లోవరాజు ఎప్పుడూ వినలేదు. అరిచి చెప్పే కథ కాదది. అలా చెబుతూ చెబుతూ ఒక పొద్దున ఆమె ధాత్రిని పిలిచి పౌడరు డబ్బా తెమ్మంది. చెవిపూసను పైట కొంగుతో తుడుచుకుని పెట్టుకుంది. గుచ్చుకుంటోందా నానమ్మా అని ధాత్రి అడిగితే, ఇప్పుడు గుచ్చుకోటం లేదే అంది.

మూడో చూపుల రోజున ముస్తాబులు లేవు. లోవరాజు ఇంట్లో తొడుక్కునే బనీనులోనే ఉన్నాడు. ఎదురింటి కిటికీ నిండా జనమే. ఎస్తేరు బుట్ట దించి పక్కకు జరిగింది. తోడిపెళ్లికూతురు తిన్నగా పళ్లెం దగ్గరికి పోయింది. ముక్కాలి పసుపుదీపంతో చాప మధ్యలో ఆగిపోయింది. ధాత్రి గోడనే చూస్తోంది. ఎరుపొస్తే ఈ బుట్ట మళ్లీ ఈ గుమ్మం తొక్కదు.

ముక్కాలి ముక్కు అదిరింది. ఒక గెంతు. కొత్తిమీరను పట్టించుకోలేదు. తడబడుతూ కిటికీ వైపు నడిచి, మంచం కింద బంగారమ్మ పాదాల దగ్గర ఆగింది. ముసలామె కదలకుండా కూర్చుంది. కుందేలు ఆమె బొటనవేలిని వాసన చూసి, పక్కనే ఒరిగి, ఉన్న ఒక్క వెనక కాలినీ చాపుకుని పడుకుంది. దీపం ఏ రంగులో ఉందో చూడ్డానికి మాణిక్యం మెడ చాచింది.

బంగారమ్మ కిందికి చూడలేదు. కొడుకును చూస్తోంది. ఎన్నాళ్ల నుంచో అడగాలనుకుని ఆపుకున్న మాట అడిగింది, చెవిపూస ఉంది కాబట్టి నెమ్మదిగానే అడిగింది.

"ఒరే లోవా, నా మీద కోపం పోయిందేట్రా?"

గదిలో ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. తరవాత అందరికీ ఒకేసారి అర్థమైంది. చెవిపూస గుచ్చుకున్నది చెవిలో కాదు. అది పెట్టుకున్నప్పుడల్లా ఆమెకు వినబడింది తన మీద కేకలేసే కొడుకు గొంతే. మూలన కూర్చుని తింటున్నానని, అందరికీ బరువయ్యానని, అందుకే వీళ్లకు ఇంత కోపమని అనుకుంది. అది వినలేక తీసి దాచేసింది. అడిగితే ఇంకా కేకలేస్తారని అడగలేదు. కదలకుండా, ఎవరికీ అడ్డు రాకుండా కిటికీ పక్కన కూర్చుంది. మా అమ్మకు ఏ గొడవా పట్టదండీ, దేవతండీ అని లోవరాజు ఊరంతా చెప్పుకున్నాడు. చెవులకు దీపాలు పెట్టినవాళ్లెవరూ ముసలమ్మలకు పెట్టలేదు మరి.

ఎస్తేరు బుట్ట మూత వేసింది. దీపం పచ్చగా ఉందని ధాత్రికి చూపించి, చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా గుమ్మం దాటింది. ఖాళీ బుట్టను చూసి ఎదురింటి కిటికీలో గుసగుసలు మొదలయ్యాయి. ధాత్రి నోరు రెండు చేతులతో మూసుకుని నవ్వుతూ ఏడుస్తోంది.

లోవరాజుకు ఇవేవీ తెలియడం లేదు. కుందేలు బెదరకుండా నేల మీద పాకుతూ వచ్చి తల్లి మోకాళ్ల దగ్గర కూర్చున్నాడు. మరబోట్లను గెలిచిన గొంతులోంచి గాలిలా ఒక మాట వచ్చింది. పక్కనున్న మాణిక్యానికి కూడా అది అందలేదు.

"కోపం ఎప్పుడూ లేదమ్మా."

బంగారమ్మ అతని తల మీద చెయ్యి వేసింది.

"వినబడిందిరా," అంది.