ఉత్తరానికి ఇరవై

మా మరిది శ్రీనాథ్ మీద నా ఫిర్యాదు చిన్నదే. ఇంట్లో ఎవరు ఏ పని మొదలుపెట్టినా, అది ఎప్పుడు చెడుతుందో తేదీతో సహా చెప్పేస్తాడు. నేను ఆవకాయ పెడితే జూలైలో బూజు పడుతుందంటాడు. వాళ్ళన్న యోగా మొదలుపెడితే గురువారానికి మానేస్తాడన్నాడు. ఆ రెండోది నిజమే అయింది, అది వేరే సంగతి. కరెంటు ఆఫీసులో ఉద్యోగం కదా, ఏది ఎప్పుడు పోతుందో ముందే చెప్పడం అలవాటైందేమోనని సర్దుకుపోయాను.

ఆ నోటితోనే సుజనకూ చెప్పాడు.

సుజన మా వెనక వీధి అమ్మాయి. తండ్రి మొగులయ్య దబీర్‌పురా వైపు రైలు పట్టాలు చూసుకుంటాడు. ఆర్మీ ఆఫీసర్ కావాలని ఆ పిల్ల రెండేళ్ళు కష్టపడింది. పొద్దున ఐదున్నరకు ఆమె పరుగెడుతుంటే, స్కూటీ మీద పక్కనే వెళ్తూ టైము చూసింది మా శ్రీనాథే. ఇంత మెల్లగ ఉరికితే శత్రువు చాయ్ తాగి వస్తడని ఏడిపించేవాడట. నువ్వు దిగి ఉరుకు, అప్పుడు మాట్లాడు అనేదట ఆమె. అతను దిగేవాడు కాదు.

సెలెక్షన్ లెటర్ వచ్చిన రోజు స్వీట్ డబ్బాతో మా ఇంటికి వచ్చింది. అభినందించాల్సిన మనిషి ఏమన్నాడో వినండి.

"పదిహేను రోజులు. పదహారో దినం బ్యాగు మోసుకుంట వాపస్ వస్తవ్, సూడు."

నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను కాబట్టి అతని ముఖం కనిపించింది. వాపస్ రావాలని మొక్కుకుంటున్నవాడిలా ఉన్నాడు. సుజనకు మాత్రం మాటే వినిపించింది. రెండేండ్లు టైము చూసింది ఇందుకేనా అని అడిగి, డబ్బా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మూడో రోజు రైలెక్కింది. సాగనంపడానికి వీధంతా వెళ్ళాం, ఒక్కరు తప్ప.

అకాడమీలో ఫోన్లు తీసేసుకుంటారట. ఆదివారం మధ్యాహ్నం పావుగంట ఇస్తారు, అది తల్లి సుందరమ్మకే చాలదు. అందుకని మావాడు ఉత్తరాలకు దిగాడు. రోజుకొకటి రాసి, ఆఫీసుకు వెళ్తూ పోస్టు చేసేవాడు. పదహారో రోజు వచ్చి వెళ్ళింది. సుజన వాపస్ రాలేదు, జవాబూ రాలేదు. నాలుగు వారాలైంది. నేను పెసరట్టు తిరగేస్తుంటే, విరుగుతుందని కూడా అనలేదు మనిషి. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

"ఆమెకు నేను వద్దేమో, వదినా" అన్నాడు. "ఇగ రాయ. పరేషాన్ చేసుడు ఎందుకు."

ఆ ఆదివారం నేను సుందరమ్మ ఇంటికి వెళ్ళి కూర్చున్నాను. మూడింటికి ఫోన్ మోగింది. సుందరమ్మ స్పీకర్ పెట్టింది. జుట్టు మెడ దాకా కత్తిరించారట. నడవడమే లేదట, మెస్‌కు వెళ్ళాలన్నా పరుగేనట. తల్లి కళ్ళు తుడుచుకునే వ్యవధిలో నేను దూరిపోయి, ఉత్తరాలు అందుతున్నాయా అని అడిగాను.

సుజన గొంతు తగ్గించింది.

"అందుతున్నయ్, అక్కా. ఇక్కడ లెటర్ ఊరికె ఇయ్యరు. ఒక్కోదానికి ఇరవై పుషప్స్ కొట్టాలె. పోయిన శనివారం ఆరొచ్చినయ్, నూట ఇరవై కొట్టిన. కౌన్ హై యే దుష్మన్, ఎవడీ శత్రువు అని మాకు డ్రిల్లు నేర్పే ఉస్తాద్ అడిగిండు."

వద్దనుకుంటే వదిలేయొచ్చు కదా అన్నాను. వదిలేయొచ్చట. బ్యాంకు కాగితాలు వస్తే అందరూ అదే చేస్తారట. ఈమె మాత్రం ఒక్కటీ వదల్లేదు.

"మరి జవాబు రాయవేం?"

"ఏం రాయాలె? ఇరవై కొట్టి తెరిస్తే, మాదన్నపేట మార్కెట్ల వంకాయలు పుచ్చులొస్తున్నయని ఉంటది. నాకు కావాల్సిన ఒక్క మాట ఉండదు. రేపటి దాంట్ల ఉంటదేమోనని మళ్ళ కొడ్త."

గడియారం చూశాను. ఎనిమిది నిమిషాలున్నాయి. సుందరమ్మ ఇంట్లో కరెంటు పోయింది, వెంటనే రమ్మని శ్రీనాథ్‌కు మెసేజ్ పెట్టాను. టెస్టర్ పట్టుకుని మూడు నిమిషాల్లో వచ్చాడు. తిరుగుతున్న ఫ్యానునూ నన్నూ మార్చి మార్చి చూశాడు. అతని చేతిలోంచి టెస్టర్ తీసుకుని, అదే చేతిలో ఫోన్ పెట్టాను. ఉత్తరానికి ఇరవై సంగతి కూడా చెప్పాను.

మనిషి గోడకు ఆనుకున్నాడు. మనసులో లెక్క వేసినట్టున్నాడు, ముఖం పాలిపోయింది. అంతా వివరంగా ఒక పెద్ద లెటర్ రాస్తానన్నాడు. రాస్తే ఇంకో ఇరవై అని గుర్తుచేశాను.

"ఇక్కడ మస్తు వానలు, సుజనా" అని మొదలుపెట్టాడు.

"వాన సంగతి చదివిన. దానికి గూడ ఇరవై కొట్టిన. రెండు నిమిషాలే ఉన్నయ్, శ్రీనాథ్."

సుందరమ్మ అప్పటిదాకా బియ్యం ఏరుతున్నట్టు నటిస్తోంది. చాట పక్కన పెట్టింది. ట్రైనింగ్ అయ్యాక పరేడ్ రోజున ఆఫీసర్ భుజాల మీద స్టార్లు పెట్టేది ఇంటివాళ్ళేనని సుజన ఎప్పుడో చెప్పిందామెకు.

"ఒక భుజం మా ఆయనది, ఇంకోటి నాది" అంది ఫోన్ వైపు వంగి. "ఈ పిలగాడు సక్కగ మాట్లాడితే, నాది ఇతనికే ఇస్త."

శ్రీనాథ్ చెవులు ఎర్రబడ్డాయి. సుజన నవ్వు ఆపుకుంటున్నట్టు శ్వాస వినిపించింది. అయినా సాయం చేయలేదు.

"నువ్వు నిలబడ్తవని నాకు ఎరుకే" అన్నాడు చివరికి. "నువ్వు పోతే పొద్దుగాల ఐదున్నరకు నేనేం చెయ్యాలె? గా భయంతోటి గట్లన్న."

"గట్లంటే?"

నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

"పదహారో దినం వాపస్ వస్తవన్న. నాదే తప్పు, సుజనా."