వంటింట్లోకి రాని పాట

ఆదివారం పొద్దున అరుణజ్యోతిని లేపింది పాట. దాన్ని పాట అనడం కూడా ఎక్కువే, పాటలోంచి తెంపిన ఓ చిన్న ముక్క. ముందు గదిలో కూతురు సంజన ఆ ముక్కను ఫోనులో పెట్టడం, ఆపడం, కీబోర్డు మీద నాలుగు మెట్లు నొక్కడం, నాలుక చప్పరించి మళ్లీ మొదటికి వెళ్లడం. వారం రోజులుగా ఇదే తంతు. అరుణజ్యోతి దుప్పటి మొహం మీదికి లాక్కుంది. ఆ ముక్క దుప్పట్లోకీ వచ్చింది.

ఆమె అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో వంట చేస్తుంది. రాత్రి అక్కడ ఎవరిదో పెళ్లిరోజు విందు. అన్నీ కడిగించి, సర్దించి, కనకమామిడిలో ఇల్లు చేరేసరికి ఊరంతా నిద్రపోయింది. పాదాల్లో వాపు ఇంకా దిగలేదు. భర్త సుధాకర్ తెల్లారకముందే ఆటోలో పూల లోడు వేసుకుని సిటీ మార్కెట్‌కు వెళ్లిపోయాడు. ఆ మొగుడూ పెళ్లాలు ఇద్దరూ మేలుకుని ఒకరి మొహం ఒకరు చూసుకునే రోజులు తక్కువే.

"సంజనా, జర ఆపే. తల పలుగుతున్నది," అని పడుకున్న చోటి నుంచే కేకేసింది.

"అయిపాయె అమ్మా, ఒక్క లైనే ఉన్నది."

"వారం సంది నీకు గా ఒక్క లైనే ఉన్నది!"

అరుగు మీద కూర్చున్న మామగారు బాలమల్లు మనవరాలి తరఫున గొంతు సవరించుకున్నాడు. ఊరి భజన మండలిలో హార్మోనియం వాయించిన మనిషి. సంజన వేళ్లు పట్టి నేర్పిందీ ఆయనే.

"పోనియ్ బిడ్డా, బుద్ధిగ కూసొని నేర్సుకుంటున్నది. పాడెటోని గొంతు ఎటు పోతే మన వేలు అటు పోవాలె, గంతే. గది పట్టుకుంటే పాట పట్టుకున్నట్టే," అన్నాడు.

ఆ ఒక్క సూత్రం మీదే ఆయన ఇన్నేళ్లూ భజనలు నడిపాడు. కుడిచెయ్యి గాయకుడి వెంట పరిగెత్తాలి, ఎడమచెయ్యి పెట్టెకు గాలి కొట్టాలి. సంజనకు పదేళ్లప్పుడు నేర్పినా, నిన్న నేర్పినా అదే పాఠం.

ఆ పాఠమే ఇప్పుడు పిల్లకు అడ్డం పడిందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. చేవెళ్లలో జయరాజ్ అనే ఆయనకు ఒక ఆర్కెస్ట్రా ఉంది. చుట్టుపక్కల పెళ్లిళ్లకూ ఫామ్‌హౌస్ పార్టీలకూ వాళ్లే వెళ్తారు. కీబోర్డు వాయించే ఆమె పెళ్లి చేసుకుని వెళ్లిపోతే, ఆ చోటు తనకిమ్మని సంజన అడిగింది. జయరాజ్ ఒక పరీక్ష పెట్టాడు. ఈ ఏడాది ప్రతి పార్టీలోనూ జనం అడిగి మరీ వేయించుకుంటున్న కొత్త పాట ఒకటుంది, దాని వెనక మొదటి నుంచి చివరి దాకా పియానో నడుస్తుంది. ఎవరినీ అడక్కుండా, నెట్‌లో చూడకుండా, ఆ పియానోను చెవితో పట్టి వాయించి పంపమన్నాడు.

సంజన పంపింది. "ఇది పాడే అమ్మాయిది, పియానోది కాదు" అని తిరిగొచ్చింది. రెండోసారి ఎడమచేత్తో కూడా వాయించింది, కానీ అదే పాటను కింది మెట్ల మీద వాయించింది. మళ్లీ అదే జవాబు వచ్చింది. ఈ సాయంత్రంలోగా సరిగ్గా పంపకపోతే వేరే వాళ్లను చూసుకుంటానన్నాడు.

అరుణజ్యోతి లేచి మొహం కడుక్కుని చాయ్ పెట్టింది. మామకొక గ్లాసు ఇచ్చి, కూతురి గ్లాసు కీబోర్డు పక్కన పెట్టింది. చెప్పాల్సిన మాట మూడు రోజులుగా గొంతులోనే ఉంది. ఇక దాచే ఓపిక లేదు.

"రేపటి సంది నువ్వు మా ఫామ్‌హౌస్‌ల రిసెప్షన్‌ల కూసుంటున్నవ్. భూపాల్ సార్‌కు మాటిచ్చిన."

భూపాల్ అక్కడి మేనేజరు. సంజన వేళ్లు మెట్ల మీదే ఆగిపోయాయి.

"ఎవరినడిగి ఇచ్చినవ్?"

"ఎవరినడగాలె? కన్నదాన్ని, ఇచ్చిన. డిగ్రీ చదివినవ్. చల్లటి గదిల, కుర్చీల కూసునే నౌకరి. పొద్దుగూకంగనే ఇంటికొస్తవ్. నీకేం తక్కువైతున్నది?"

"నాకు గిది కావాలమ్మా. సాయంత్రం దాంక ఆగరాదు?"

"ఆగి ఏం చేయాలె? ఆర్కెస్ట్రా పిల్లలను నేను చూస్తలేనా? అందరు తిన్నంక మిగిలిన చల్లటి బిర్యానీ వాళ్లకు. తాగినోడొకడు వచ్చి మైకు గుంజుకుంటడు, ఇంకొకడు నోట్లు మీదికి ఇసురుతడు. మొన్న పాడే పిల్ల నా కిచెన్లకొచ్చి, బియ్యం బస్తా మీద కూసొని ఏడ్సింది. నేనే మంచినీళ్లిచ్చిన. నా బిడ్డకు గా బతుకొద్దు."

"ఆమె ఏడ్సింది చూసినవ్. పాడింది ఇన్నవా?" సంజన లేచి నిలబడింది. "ఒక్కనాడన్న ఇన్నవా అమ్మా? రోజు నీ ముంగట్నే మోగుతది కదా. బాగున్నదని ఒక్కసారన్న అనిపించలేదా నీకు?"

"ముంగట ఏడ మోగుతదే!" అరుణజ్యోతి గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. "హాలు అవుతల, కిచెన్ ఇవుతల. నడుమ ఇంత మందం గోడ. పాట నా దాంక ఏడొస్తది? గొంతు రాదు, మాటలు రావు. బుమ్ బుమ్ మని కింది చప్పుడొక్కటే వస్తది. కాళ్ల కింద బండలు అదురుతయ్. గా చప్పుడుల నిలబడి ఉల్లిగడ్డలు కోస్త, గా చప్పుడులనే గిన్నెలు దించుత. ఇంటికొస్తే నువ్వు. నాకేం ఇనబుద్ధి అయితలేదు సంజనా. అలిసిపోయిన. పానం పోయేటట్టు అలిసిపోయిన."

చివరి మాటకు ఏడుపొచ్చేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు చేరగిలబడింది. అరుగు మీద బాలమల్లు చాయ్ తాగడం ఆపి గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. పెద్ద మనిషికి కోడలి ఏడుపు కొత్త.

సంజన తల్లి దగ్గరికి రావాలి కదా, రాలేదు. ఉన్నచోటే నిలబడి, "ఏమన్నవమ్మా? గొంతు రాదా?" అంది.

"ఎక్కిరిస్తున్నవా?"

"లేదమ్మా. గోడ నడుమ ఉంటే గొంతు రాదా? కిందిదే వస్తదా?"

జవాబు కోసం ఆగలేదు. ఫోనూ, పాటలు వినే చిన్న స్పీకరూ పట్టుకుని లోపలి గదిలోకి పరిగెత్తింది. పాటను మొదటి నుంచి పెట్టి, మంచం మీద వదిలి, బయటికొచ్చి తలుపు మూసింది. తలుపు ముందు నేల మీద కూర్చుని చెవి ఒగ్గింది.

గొంతు పలచబడింది గానీ పోలేదు. తలుపు కింది సందులోంచి సన్నగా పాకుతోంది.

"మాటలు ఇంక వస్తున్నయ్," అని సంజన ఏడుపు మొహం పెట్టింది.

అరుణజ్యోతికి ఆ పిల్ల చేస్తున్నదేమిటో అర్థం కాలేదు. కానీ వారం రోజులుగా నిద్ర లేక గుంటలు పడ్డ ఆ కళ్లు చూస్తే కోపం నిలవలేదు. మూలనున్న గోనెసంచి తెచ్చి, వంగి, సందులో కుక్కింది. ఇంకో సంచి తెచ్చి తలుపు అంచుకు ఒత్తిపట్టి, కూతురి పక్కనే కూలబడింది.

గొంతు పోయింది. మాటలు పోయాయి. తలుపు అవతలి నుంచి లోతుగా, నింపాదిగా కింది స్వరాలు మాత్రం రావడం మొదలైంది.

"గదేం పాట?" అన్నాడు బాలమల్లు గడప దగ్గరికొచ్చి. "బర్రె మూల్గినట్టున్నది."

"ష్! తాతా, ఇను. గిది పాట ఎంబడి పోతలేదు. పాడే ఆమె గొంతు మీదికి పోతుంటే గిది కిందికి దిగుతున్నది. ఆమె మాట మార్చినా గిది ఉన్నకాడ్నే ఉంటున్నది." సంజన కీబోర్డు ఒళ్లోకి లాక్కుని ఎడమచేత్తో ఒక మెట్టు నొక్కింది. కాదు. పక్కది. అదే. పాటలో ఒక లైను ముగిసేదాకా ఆ స్వరం కదల్లేదు, తర్వాత ఒక మెట్టు దిగింది. "నేను ఎడమచేత్తోని కూడ ఆమెనే పట్టుకుంటున్న. గిది వేరే తొవ్వ తాతా!"

బాలమల్లు కాసేపు విన్నాడు. తర్వాత తన ఎడమ అరచేతిని తిప్పి చూసుకున్నాడు.

"మా ఎడమ చెయ్యికి గాలి కొట్టుడే పని బిడ్డా. గది కూడ పాట పాడ్తదని నాకెవ్వరు చెప్పలె," అని నెమ్మదిగా అరుగు మీదికి వెళ్లిపోయాడు.

పాట అయిపోతే సంజన లోపలికి వెళ్లి మళ్లీ పెట్టి వస్తోంది, అరుణజ్యోతి మళ్లీ సంచులు కుక్కుతోంది. ఎన్నిసార్లన్నది ఎవరూ చూసుకోలేదు. ఒక్కో స్వరం దొరుకుతుంటే పిల్ల మొహం విప్పారుతోంది. పూర్తిగా దొరికాక తల్లికి చూపిద్దామని పక్కకు తిరిగి, ఆగిపోయింది.

అరుణజ్యోతి కళ్లు మూసుకుని ఉంది. కుడిచెయ్యి మాత్రం మోకాలి మీద చిన్నగా పైకీ కిందికీ ఆడుతోంది, కత్తి పట్టుకున్నట్టే. ఆ చప్పుడుకు అలవాటైన చెయ్యి, తనకు తెలియకుండానే ఉల్లిగడ్డలు కోస్తోంది.

సంజన ఆ చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి గరుకుగా ఉంది, కాలిన మచ్చలున్నాయి. ఇంత దగ్గరగా ఎప్పుడు చూసిందో గుర్తుకు రాలేదు.

"అమ్మా, నీకు రోజు గిట్లనే ఇనొస్తదా? గింతేనా?"

"గింతే. నాకు పాటంటే గిదే."

పిల్ల తల్లి ఒళ్లో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. "బాగున్నదా అని అడిగిన నిన్ను. ఇయ్యాల దాంక నీకు పాటే ఇనరాలేదు. నాకు తెల్వదమ్మా, నిజంగ తెల్వదు."

"నాకు తెలుసా ఏంది? పనిల ఉంటే ఏం ఇంటం?" అని కూతురి జుట్టులో వేళ్లు పెట్టింది అరుణజ్యోతి. ఏడుపు అయ్యాక ఒళ్లంతా ఖాళీ అయినట్టుంది, ఆ ఖాళీలో కాస్త హాయిగానూ ఉంది. ఈ పిల్ల నాలాగే మొండిది అనుకుంది. నడుము విరిగినా పొయ్యి దగ్గర్నుంచి తాను కదలదు, ఇది ఆ మెట్ల దగ్గర్నుంచి కదలదు. కుర్చీలో కూర్చోబెడితే ఇది సుఖపడుతుందని ఎట్లా అనుకుందో తనకే తెలియలేదు.

మధ్యాహ్నం ఆమె భూపాల్‌కు ఫోను చేసింది.

"సార్, రేపు మా బిడ్డ రాదు."

"అట్లెట్ల అరుణమ్మా? నువ్వే అడిగితివి. ఓనర్‌కు చెప్పేసిన నేను." అవతలి గొంతు చిరాకు దాచుకోలేదు. "ఏడనన్న మంచి నౌకరి దొరికిందా?"

"దొరకలే సార్. నేర్సుకుంటున్నది."

"గందుకు మాట తప్పుతవా?"

"తప్పిన సార్. నన్ను రెండు మాటలనుండ్రి, పడ్త."

ఫోను పెట్టేసి కూతురి వైపు తిరిగింది. మొహంలో అలసట ఎక్కడికీ పోలేదు. "జయరాజ్ తీసుకున్నా తీసుకోకున్నా నీ ఇష్టం ఇగ. కని ఒక మాట. తాగినోడు మీదికొస్తే వాయించుడు ఆపి, లేచి నా దగ్గరికి రావాలె. నేనున్న కాడ నువ్వు అందరికన్న ముందుగాల తినాలె, వేడివేడిగ. ఒప్పుకుంటవా?"

సంజన తల ఊపింది. 

"ఇగ గా సంచులు తీసెయ్. తలుపు తెరిచి, ముక్కలు ముక్కలు కాకుండ మొత్తం వాయించు. గదేం పాటో నేను కూడ ఇంట."

సంజన తలుపు బార్లా తెరిచి, స్పీకరు ముందు గదిలోకి తెచ్చింది. పాట మొదటి నుంచి మొదలైంది. ఎడమచెయ్యి కింద నడుస్తోంది, కుడిచెయ్యి అక్కడక్కడా అందుకుంటోంది. ఒకచోట తడబడింది, ఆగలేదు. గోడకు చేరగిలబడి, వాచిన కాళ్లు చాపుకుని కూర్చుంది అరుణజ్యోతి. తెలిసిన చప్పుడు మీదికి ఒక ఆడగొంతు వచ్చి చేరింది. ఆ గొంతు వెనకే మాటలు వచ్చాయి, ఒక్కొక్కటే, స్పష్టంగా.

ఎంతో దూరం నడిచొచ్చిన ఒకామెను ఎవరో ప్రేమగా, కాసేపు కూర్చోమని అడుగుతున్న పాట అది. ఈ ఏడాదంతా ఆ పాట మోగినంతసేపూ అరుణజ్యోతి నిలబడే ఉంది.