ముసుగు మారని ఇల్లు

వాచీలు బాగుచేసే పెద్దాయన కంటికి భూతద్దం ఉండగానే చనిపోయాడు. బల్లమీద విప్పి పెట్టిన వాచీ ఇంకా నడుస్తోంది. దాని పక్కన లాప్‌టాప్ కూడా.

"నాలుగు వేల రిక్వెస్టులు," అన్నాడు చీఫ్, స్క్రీన్ చూపిస్తూ. "అన్నీ ఒకే అడ్రస్ నుంచి. ఈ షాపు నెట్ నుంచే."

"ప్రాక్సీ పెట్టుకోలేదా?"

"ఆయనకి వాచీలే తెలుసు."

ఏజెంట్ ఆవలింత ఆవలించింది. ఆ పేరు ఆమె కోరి తెచ్చుకున్నది కాదు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఏ బ్రీఫింగునీ నోరు మూసుకుని వినలేకపోవడం వల్ల వచ్చింది.

"పాత గోడగడియారాలు అమ్మే వెబ్‌సైటు ఒకటుంది," అన్నాడు చీఫ్. "పన్నెండు వందల పేజీలు. ఒక్క గడియారం కూడా అమ్ముడుపోదు. ఆ ధరల్లో కోడ్ ఉంది. అది విప్పితే మన పదకొండు మంది ఇన్ఫార్మర్ల ఇళ్ళ అడ్రసులు. వాళ్ళెవరో ఈ పెద్దాయనకి ఒక్కడికే తెలుసు. రేపు సాయంత్రం నాలుగింటికి కొనేవాడు వచ్చి చూసుకుంటాడు. ఆ వెంటనే పేజీలు మాయం."

"ఆలోగా మనం అన్నీ దింపుకోవాలి."

"ఒక్కో నెట్ అడ్రస్‌కి పది పేజీలు దాటితే ఆ సైటు నడిపేవాళ్ళకి గంట మోగుతుంది. గంట మోగిన ఇంటికి మనిషొస్తాడు." చీఫ్ కుర్చీ వైపు చూశాడు. "ఇలా."

*

ఒకప్పుడు ఆవలింత వారానికో విగ్గు మార్చేది. ఇప్పుడు లాండ్రీ షాపు పైనున్న అద్దె గదిలో కూర్చుని పేజీకో ఇల్లు మారుస్తోంది. మొదటి గడియారం పేజీని ఎవరో దంతవైద్యుడి ఇంట్లోంచి అడుగుతుంది. రెండోది ఏదో హాస్టల్ నుంచి. మూడోది వేరే ఊళ్ళో మేడమీది గది నుంచి. పేజీకో ముసుగు. దీన్నే రొటేటింగ్ ప్రాక్సీ అంటారు. విగ్గులకన్నా నయం, దురద పెట్టదు.

ఆ ఇళ్ళన్నీ లావెండర్ సప్లయి చేసినవి. పట్టుచీర, పొడవు గోళ్ళు, గదిలోంచి వెళ్ళిపోయిన అరగంటకి కూడా పోని సెంటు వాసన. ఆమె ఇటువాళ్ళకీ పనిచేస్తుంది, అటువాళ్ళకీ పనిచేస్తుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. 'పండ్ల పేలుడు' అని ఒక ఫ్రీ గేమ్ వదిలింది. దాన్ని ఎవరు ఆడుతుంటే వాళ్ళ నెట్‌ని ఆ కాసేపు వెనక నుంచి అద్దెకిచ్చేస్తుంది. ఆట తెరిచి ఉన్నంతసేపే ముసుగు.

మర్నాడు మూడింటికి ఫోన్ మోగింది.

"బట్టలు ఆరాయా?" లావెండర్ గొంతు.

"ఒక చెయ్యి ఇంకా తడిగానే ఉంది," ఆవలింత కోడ్ అప్పజెప్పింది. "చెప్పు."

"నా ఇళ్ళల్లో ఒకదానికి గంట మోగింది డార్లింగ్. పొద్దుట్నుంచి తొమ్మిదివందల పేజీలు, ఒక్క ఇంట్లోంచే. ఆ ఇల్లెక్కడో వాళ్ళు ఇప్పుడే పట్టుకున్నారు. మనిషి బయల్దేరాడు."

"కుదరదు. పేజీకో ఇల్లు మారుతుంది కదా."

"నీ సెట్టింగ్ చూసుకో."

చూసుకుంది. నిన్న రాత్రి టెస్టింగ్ కోసం 'స్టికీ' అని పెట్టింది, అంటే దొరికిన ఇంటినే పట్టుకుని ఉండమని. పొద్దున్న దాన్ని 'రొటేటింగ్'కి మార్చాలి. మార్చాననే అనుకుంది. అనుకుంటూనే కునుకు తీసింది.

ఒక్క బటన్. ఆ ఇంట్లో ఎవరో పొద్దుట్నుంచి హాయిగా పండ్లు పేలుస్తున్నారు. వాళ్ళని చంపడానికి మనిషి బయల్దేరాడు. అదీ తనవల్ల.

చీఫ్‌కి ఫోన్ చేసింది. ఆయన తిట్టలేదు. తిట్టకపోవడమే ఎక్కువ తగిలింది.

"మన బండి రావడానికి గంట పడుతుంది. నువ్వెంత దూరం?"

"పది నిమిషాలు."

"ఇంకా ఎన్ని పేజీలున్నాయి?"

"మూడొందలు. కానీ ఇప్పుడు సైటు బయటివాళ్ళనెవరినీ రానివ్వట్లేదు."

"రెండూ చూసుకో," అని పెట్టేశాడు.

*

మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఆవలింత నెట్ కంపెనీ టీషర్టు వేసుకుని, లాప్‌టాప్ ఉన్న బ్యాగు మోసుకుంటూ ఎక్కింది. జేబులో కేబుల్ టెస్టర్ ఉంది. నొక్కితే ఎద్దునైనా పడగొట్టే షాక్ ఇవ్వాలి. మెట్ల మీద నొక్కి చూసింది. చార్జింగ్ లేదు. దాన్ని కూడా నిన్న రాత్రే పెట్టాల్సింది.

తలుపు తీసింది డెబ్భై దాటిన ఒకావిడ. కళ్ళజోడు దారానికి వేలాడుతోంది, చేతిలో ఫోన్. గోడమీద 'ఉత్తమ గణిత ఉపాధ్యాయిని' అని ఫ్రేము.

"నెట్ కంప్లయింటండీ..."

"మూడు వారాల్నుంచి చేస్తున్నాను! ఒక్కడూ రాలేదు. ఇవాళ ఇద్దరా?"

సోఫాలో ఒకతను కూర్చుని ఉన్నాడు. నెట్ కంపెనీ టోపీ. ఒళ్ళో బ్యాగు, దాని మీద చెయ్యి. రూటర్‌ని తలకిందులుగా పట్టుకున్నాడు. కళ్ళకింద నల్లటి చారలు, ఎవరి ఉద్యోగాలు వాళ్ళకి.

"మీరు కానివ్వండి మేడమ్," అన్నాడు.

"అయ్యో, మీరే ముందొచ్చారు."

"పర్లేదు, నేను ఆగుతాను. మీరు వెళ్ళాక చేసుకుంటా."

ఏం చేసుకుంటాడో ఆవలింతకి అర్థమైంది. రూటర్ అందుకుని, కేబుల్ విప్పింది, పెట్టింది, మళ్ళీ విప్పింది. ఎంతసేపని విప్పుతుంది? గడియారం మూడూ ఇరవై.

సోఫాలో అతను విసుగొచ్చి ఫోన్ తీశాడు. టప్... టప్... టప్పున పండ్లు పేలాయి.

టీచరమ్మ తల గిరుక్కున తిరిగింది. "నువ్వూ ఆడతావా నాయనా? ఏ లెవెలు?"

అతను సిగ్గుపడ్డాడు. "నాలుగొందల పన్నెండండి. మా పనిలో ఎదురుచూపులెక్కువ."

"నాదీ అదే! నెట్ ఆగాగి వస్తోంది, దాటలేక చస్తున్నాను. మా చెల్లెలు అప్పుడే నాలుగొందల ముప్పై. చూపించి చూపించి ఏడిపిస్తోంది."

ఆవలింత చేతిలో కేబుల్ ఆగిపోయింది. రెండు ముసుగులు. ఒకటి ఇంటిది, ఒకటి ఈ హంతకుడి చేతిలోది.

వెంటనే ఫోన్ తీసి, "హలో ఆఫీసా?" అంది. "ఈ ఇంటి లైను తీసేసి వేరే లైనుకి మార్చాలి మేడమ్. ఇదే ఏరియాలో లెవెల్ నాలుగొందల పన్నెండు, మొబైల్ డేటా మీద ఉన్న కస్టమర్."

అవతల లావెండర్ గోళ్ళు కీబోర్డు మీద టకటకలాడాయి. "ఆ ఫోన్ ఎవరిదో తెలుసా? వాళ్ళ మనిషిది. వాళ్ళ సొంత ఫోన్లని సైటు ఆపదు, నిజమే. కానీ నేను వాళ్ళకీ పనిచేస్తాను కదా డార్లింగ్. నాకేంటి?"

"మీ కనెక్షన్ కూడా కట్ చేసే లిస్టులో ఉంది మేడమ్. ఇప్పటిదాకా దింపిన పేజీల్లో చూశాను. ఎనిమిదో అడ్రసు, పంతొమ్మిదో అంతస్తు. వాచీల పెద్దాయన మనుషుల్లో మీరూ ఒకరట. నాలుగింటికి కట్."

చాలా మామూలు గొంతుతో అడిగింది లావెండర్. "స్టికీయా, రొటేటింగా?"

"స్టికీ."

ఆవలింత బ్యాగులో లాప్‌టాప్ గుర్రుమంది. పేజీలు కదిలాయి. రెండు నిమిషాల్లో యాభై, ఆరు నిమిషాల్లో నూటయాభై.

సోఫాలో అతని ఫోన్ కుయ్యిమంది. చదివాడు. మళ్ళీ చదివాడు. మొహం తెల్లబోయింది. టార్గెట్ మారింది, మ్యాప్ మీద కొత్త చుక్క. ఆ చుక్క అతని చేతిలోనే ఉంది. వెనకాలే ఇంకో మెసేజ్: "నువ్వా?"

"మీవాళ్ళు ఎంతసేపట్లో వస్తారు సార్?" ఆవలింత నెమ్మదిగా అడిగింది.

అతను ఆమెని, రూటర్‌ని, మళ్ళీ ఆమెని చూశాడు. "ముప్పావుగంట."

"మావాళ్ళు అరగంటలో వస్తారు. ఫోన్ మాత్రం ఆఫ్ చెయ్యకండి. చేస్తే నిజంగానే మీరే అనుకుంటారు. ఆడుతూ ఉండండి. ఆట నడిచినంతసేపే నా పని. తర్వాత మిమ్మల్ని కాపాడే పూచీ నాది."

"ఇప్పుడు ఆట నావల్ల కాదమ్మా."

"ఇటివ్వు," అంది టీచరమ్మ.

అతను ఫోన్ ఇచ్చేశాడు. బ్యాగులోంచి తుపాకీ తీసి టీపాయ్ మీది పేపరు పక్కన పెట్టాడు, బరువు దించుకున్నవాడిలా.

"ఇది నెట్ సామానా?" టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుంది.

"కాదండీ."

"అయితే అవతల పెట్టు. వేళ్ళకడ్డం."

మూడూ యాభై. ఇంకా డెబ్భై పేజీలు. మూడు ప్రాణాలు మిగిలాయి ఆటలో. టీచరమ్మ పెదవులు కొరుకుతూ లెక్కలేసి మరీ పేలుస్తోంది. మూడూ యాభై ఐదు, ముప్పై పేజీలు, ఒక్క ప్రాణం. మూడూ యాభై ఎనిమిది, పన్నెండు. ఒకే ఒక్క జామపండు మిగిలి, ఎత్తులు అయిపోయాయి.

"ప్రాణాలు అయిపోయాయే!" అంది టీచరమ్మ. ఆట తనంతట తను మూసుకోబోతోంది.

ఆవలింత వంగి చూసింది. స్క్రీన్ మీద చిన్న బటన్: 'యాడ్ చూస్తే ఒక ప్రాణం ఫ్రీ.'

జీవితంలో మొదటిసారి ఇష్టంగా యాడ్ నొక్కింది. షాంపూ యాడ్, అరవై సెకన్లు. ఎవరో జుట్టు విదిలించారు. ఐదు పేజీలు. మళ్ళీ విదిలించారు. రెండు. యాడ్ అయిపోయింది. పన్నెండు వందలు. మూడూ యాభై తొమ్మిది.

నాలుగింటికి సైటులో గడియారాలన్నీ మాయమయ్యాయి. నాలుగూ పదికి చీఫ్ ఫోన్. "పదకొండు ఇళ్ళూ ఖాళీ చేయించాం. బండి కింద ఉంది."

టోపీ అతను లేచి, టీచరమ్మకి నమస్కారం పెట్టి, ఫోన్ ఇంకా ఆవిడ చేతిలోనే ఉంచి, బండి మనుషులతో దిగిపోయాడు. వెనక అతన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళ కోసం మెట్ల కింద ఇంకో నలుగురు కాపు కాశారు.

ఆవలింత జరిగిందంతా ఒప్పుకుంది. మూడు వారాలుగా నెట్ నెమ్మదించింది ఆ ఆటవల్లనని, ఇవాళ్టి తప్పు మాత్రం పూర్తిగా తనదేనని. టీచరమ్మ శ్రద్ధగా విని, లాప్‌టాప్ తెరిపించి, స్టికీ తీసి రొటేటింగ్ పెట్టేదాకా నెత్తిమీదే నిలబడింది.

"ఇప్పుడు మీ ఫోన్‌లో ఆ గేమ్ తీసేయాలండీ."

"తీసేద్దువుగాని. ముందు కూర్చో," అంది టీచరమ్మ, సోఫా చూపించి. "తప్పు చేసిన లెక్క పూర్తి చెయ్యకుండా నా క్లాసులోంచి ఎవరూ వెళ్ళలేదు."

అరగంట తర్వాత మళ్ళీ చీఫ్. "రిపోర్ట్ ఎప్పుడిస్తావ్?"

ఆవలింత నోరారా ఆవలించి, ఒక జామపండు పేల్చింది.

"లెవెల్ దాటాక, సార్."