కుదరని ఐస్ కాఫీ

"సగం తాగేసరికి ఇది కాఫీ కాదండీ, కాఫీ గ్లాసు కడిగిన నీళ్ళు."

కౌంటర్ వెనక ఉన్న అతనికి తల కొట్టేసినట్టయింది. ఏడేళ్ళుగా ఎస్ప్రెస్సో మిషన్ ముందు నిలబడి, తోటివాళ్ళ చేత 'కాఫీ మాస్టారు' అనిపించుకున్న మనిషి. అలాంటివాణ్ణి పట్టుకుని, ఎదురుగా వినికిడి మిషన్లు అమ్మే షాపులో పనిచేసే అమ్మాయి, పదిమంది ముందు అంత మాట అనేసింది.

"ఐస్ అన్నాక కరుగుతుందండి. కరక్కపోతే అది గాజుముక్క," అన్నాడు.

"కరిగినా కాఫీలాగే ఉండాలంటే?"

"కాఫీనే ఐస్ చెయ్యాలి. ఇక్కడ లైన్ చూశారుగా, అదంతా ఇంట్లో తీరిగ్గా చేసుకునే పని."

"అయితే నాకు నేర్పండి. ఒక్కసారి కుదిరిందంటే మళ్ళీ మీ షాపు గడప తొక్కను."

ఆ మాట అతనికి ఎక్కడో గుచ్చుకుంది. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే తల కాస్త పక్కకి వంచి శ్రద్ధగా వినే ఆమె తీరు అప్పటికే అతనికి నచ్చేసింది మరి. అయినా కప్పుకి తొడిగే అట్ట ఒకటి తీసి పెన్ను పట్టుకున్నాడు.

"మోకా పాట్ అని స్టవ్ మీద పెట్టుకునేది ఉంటుంది, కొనండి. అడుగున నీళ్ళు, మధ్యలో పొడి. పొడిని అదమొద్దు. సన్న మంట మీద పెడితే కాఫీ పైకొస్తుంది. గుడగుడమనగానే దించెయ్యండి. ముందురోజు కాచింది ఐస్ ట్రేలో గడ్డకట్టించుకోవాలి. మర్నాడు మళ్ళీ తాజాగా కాచి, పంచదార కలిపి, కాస్త చల్లారాక, ఆ కాఫీ ఐస్‌తో సహా మూత ఉన్న సీసాలో పోసి, ఇరవై లెక్కపెట్టేదాకా గిలక్కొట్టండి. నురగొస్తుంది. చివర్లో చల్లటి పాలు."

ఒక్క ముక్క దాచుకుని ఉంటే ఆమె మళ్ళీ వచ్చేదేమో. కాఫీ విషయంలో మాత్రం అతనికి అబద్ధం నోటికి రాదు. అంతా రాసి ఇచ్చేసి, ఆమె రోడ్డు దాటి వెళ్తుంటే చూస్తూ నిలబడ్డాడు.

మూడో రోజు ఆమె మొహం వేలాడేసుకుని వచ్చింది. "చేదండీ."

అతనికి ప్రాణం లేచొచ్చింది. వెంటనే సిగ్గేసింది కూడా. "మంట ఎక్కువైందేమో," అని ఇంకో అట్ట మీద రాసిచ్చాడు.

తర్వాత నురగ రాలేదంది. ఆ తర్వాత పాలు విరిగినట్టున్నాయంది. వారానికి రెండు అట్టల లెక్కన ఐదు వారాలు గడిచాయి. మధ్యలో కాఫీ కాని కబుర్లూ దొర్లాయి. గాజుగదిలో పేషెంట్‌ని కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని చెప్పి, సన్నటి బీప్ శబ్దాలు వినిపించి వినికిడి టెస్ట్ చెయ్యడం ఆమె పని.

"వినపడితే చెయ్యెత్తమంటాను. కొందరు పెద్దవాళ్ళు నేను ఏ బీపూ ఇవ్వకముందే ఎత్తేస్తారు," అంది నవ్వుతూ. "నన్ను సంతోషపెట్టడానికి."

ఇంతలో ఓనర్ అతన్ని సోమవారం నుంచి ఊరికి ఆ చివరున్న కొత్త బ్రాంచికి వెళ్ళమన్నాడు. ఆ సంగతి చెబితే ఆమె "ఓహో" అని ఊరుకుంది. చేతిలో ఉన్న స్ట్రాని మాత్రం ముక్కలుముక్కలు చేసింది.

"వెళ్ళేలోపు మీ కాఫీ సంగతి తేల్చేస్తాను. ఇన్ని వారాలు చెప్పినా రాలేదంటే తప్పు నాదే. ఆదివారం మీ ఇంటికొచ్చి చూస్తాను," అన్నాడు.

"అబ్బే, ఎందుకండీ? ఇంట్లో అమ్మమ్మ ఉంటుంది."

"ఆవిడకీ ఒక గ్లాసు చేసిపెడతాను."

ఇంక తప్పించుకోలేక ఆమె ఒక అట్ట మీద అడ్రసు రాసిచ్చింది.

ఆదివారం చినుకుల్లో తడుస్తూ వెళ్ళాడు. తలుపు తీసింది అమ్మమ్మే.

"కాఫీ మాస్టారివి నువ్వేనా? రా నాయనా. అది పాల కోసం కిందికెళ్ళింది. ఈలోపు ఇది తాగు," అని ఫ్రిజ్‌లోంచి గ్లాసు తీసి చేతికిచ్చింది.

ఒక్క గుక్క తాగి అతను ఆగిపోయాడు. పైన పట్టులాంటి నురగ, కింద కరుగుతున్న గోధుమరంగు ఐస్. తను చేసేదానికంటే ఒక పిసరు బాగానే ఉంది.

"ఎవరు చేశారండీ?"

"ఇంకెవరు, నా మనవరాలే. మొదటిసారే కుదిరిందిగా. రోజూ ఇది తాగే షాపుకెళ్తుంది."

అతను ఫ్రిజ్ వైపు చూశాడు. తను రాసిచ్చిన పది అట్టలూ తలుపు మీద వరసగా అంటించి ఉన్నాయి.

పాల ప్యాకెట్‌తో లోపలికి రాబోయిన ఆమె, అతని చేతిలో గ్లాసు చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"పాలు విరిగాయన్నారే," అన్నాడు.

"మీకొక్కసారైనా అనుమానం రాలేదా?"

"వచ్చింది, నా మీద నాకే. పాలు ఎలా విరుగుతాయా అని ఇంట్లో నాలుగుసార్లు చేసి చూసుకున్నాను."

ఆమెకి నవ్వొచ్చింది. కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "కుదిరిందని చెబితే, గడప తొక్కనన్న మాట మీద నిలబడాలి కదా. అందుకే చెప్పలేదు. తీరా ఇప్పుడు మీరే వెళ్ళిపోతున్నారు."

అమ్మమ్మ పేపరు పట్టుకుని కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. "నా చెవుల్లో మిషన్లు తీసేస్తున్నా. మీరేం మాట్లాడుకున్నా నాకు వినపడదు," అని ప్రకటించి, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంది.

అతను గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"మీ టెస్ట్ మీకే పెడతాను. కళ్ళు మూసుకోండి. వినపడితే చెయ్యెత్తాలి."

ఆమె కళ్ళు మూసుకుంది. వెంటనే చెయ్యెత్తేసింది.

"నేనింకా ఏమీ అనలేదండీ."

"తెలుసు," అంది, చెయ్యి దించకుండానే.

అతనికి కొండంత ధైర్యం వచ్చింది. అయినా ఎంత మెల్లగా అనగలడో అంత మెల్లగా అన్నాడు.

"మీరంటే నాకు చాలా ఇష్టం. కొత్త షాపు ఎంత దూరమైనా సరే, పని అయిపోయాక రోజూ ఈ ఇంటికొచ్చి మీ చేతి కాఫీ తాగాలనుంది. జీవితాంతం."

ఆమె రెండో చెయ్యి కూడా ఎత్తింది.

కిటికీ దగ్గర, పేపరు వెనక నుంచి, ముడతలు పడిన ఇంకో చెయ్యి లేచింది.