ముడుచుకోని అత్తిపత్తి

"మీ చెల్లెలు అటువైపు తిరిగిందని తేలితే, నువ్వే కాల్చాలి," అన్నాడు చీఫ్.

ఏజెంట్ నోట్లో తడి ఆరిపోయింది. ఈ ఉద్యోగానికి ముందు పదేళ్ళు బళ్ళో జీవశాస్త్రం చెప్పాడు. అందుకే డిపార్ట్‌మెంట్లో అతన్ని పంతులనే పిలుస్తారు.

బ్రీఫింగ్ ముక్తసరిగా సాగింది. ఉదయం పదకొండింటికి శాంతి ఒప్పందం మీద సంతకాలు. హాల్లోకి వాసన లేని మత్తు గ్యాస్ వదిలి అందర్నీ చంపాలని విదేశీ ముఠా పథకం. ముఠాలో మన డబుల్ ఏజెంట్ పంతులు చెల్లెలే. మూడు వారాలుగా ఆమె నుంచి కబురు లేదు.

"కోడ్?"

"మొక్కలకి నీళ్ళు పోశావా అని అడిగితే మన మనిషి. అడక్కపోతే..."

చీఫ్ పిస్తోలు అతని ముందుకు జరిపాడు.

పది నలభైకి పంతులు తోటమాలి వేషంలో హాల్లో ఉన్నాడు. చేతిలో నీళ్ళ డబ్బా, డబ్బాలో సైలెన్సర్ పిస్తోలు. పదకొండు కావస్తుండగా ప్రతినిధుల వెంట చెల్లెలు వచ్చింది. ఎర్ర లిప్‌స్టిక్, నల్ల కళ్ళద్దాలు, దుబాసీ బ్యాడ్జి. ముఠా తాలూకు బట్టతలవాడు ఆమె మోచెయ్యి వదలడం లేదు. ఏసీ గాలి వచ్చే కంత కింద బల్లమీద చిన్న కుండీలో, ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి మొక్క ఉంది. పంతులు నీళ్ళు పోసేవాడిలా దాని దగ్గరికి నడిచాడు.

"ఏయ్ మాలీ! దాన్ని ముట్టుకోకు!" అని చెల్లెలు కసిరింది.

అది కోడ్ కాదు. పంతులు గుండె దడదడలాడింది. చెవి విన్నది నరాలు రెప్పపాటులో మెదడుకు చేరవేశాయి, వెనకే అడ్రినలిన్ రక్తంలో కలిసింది. పిల్లలకు ఎన్నిసార్లు చెప్పాడో ఈ పాఠం! ఇప్పుడది తన ఒంట్లోనే జరుగుతోంది. చెయ్యి డబ్బాలోకి పోయి పిస్తోలును చెల్లెలి వైపు తిప్పింది.

ముట్టుకోకు. చిన్నప్పుడు తన అత్తిపత్తికి ఆ మాటే అట్టమీద రాసి కట్టాడు. ఏడేళ్ళ చెల్లెలు రోజుకు నలభైసార్లు ముట్టుకునేది. ఒకసారి గాజు జాడీ బోర్లించి మొక్కకు మత్తుమందు ఆవిరి పట్టించాడు. ఆకులు ముడుచుకోలేదు. చచ్చిపోయిందని ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

పంతులు వేలు చాచి ఆకును తాకాడు. ముడుచుకోలేదు.

నరాలు లేకపోయినా మొక్కలోనూ కరెంటు పరుగెడుతుంది, దాన్ని మత్తు ఆపేస్తుంది. అంటే గ్యాస్ అప్పుడే ఆ కంతలోంచి సన్నగా కారుతోంది! సిలిండర్ ఎక్కడ? కిటికీల పక్కన పెద్ద కుండీల్లో మొక్కలన్నీ వెలుతురుకేసి వంగి ఉన్నాయి. నీడపక్కన హార్మోను ఎక్కువ చేరితే కాడ అటే ఎక్కువ పెరిగి, వెలుతురుకేసి వంగుతుంది. ఒక్కటి మాత్రం గోడకేసి వంగింది. ఎవరో ఈమధ్యే కదిపి తిప్పి పెట్టారు!

పరుగెత్తి మట్టి పెళ్ళగించాడు. సిలిండర్, గోడలోకి పైపు, వాల్వు పూర్తిగా తెరుచుకోవడానికి టైమరులో ఇంకా పన్నెండు సెకన్లు. బట్టతలవాడు తుపాకీ తీశాడు. చెల్లెలు మడమతో వాడి పాదం తొక్కి, చేతిసంచితో కణత మీద ఒక్కటిచ్చింది. టైమరు ఒకటి చూపిస్తుండగా పంతులు వాల్వు బిగించాడు.

కిటికీలన్నీ తెరిచారు. గంట గడిచినా పంతులు గుండె దడ తగ్గలేదు. ప్రమాదం పోయిందన్న సంగతి రక్తానికి ఇంకా తెలియలేదు.

"వాడికి కోడ్ తెలిసిపోయింది అన్నయ్యా. నీకు మాత్రమే అర్థమయ్యే మాట ఇంకేం చెప్పను?" అని పక్కన కూర్చుంది. తర్వాత మెల్లగా అడిగింది. "ఇప్పుడు చెప్పు, మొక్కలకి నీళ్ళు పోశావా?"

పంతులు తల దించుకున్నాడు.

"ఇందులో నీళ్ళు లేవమ్మా."

ఆమె డబ్బాలోకి తొంగి చూసింది. అడుగున పిస్తోలు కనిపించింది. తర్వాత వేలితో అత్తిపత్తిని తాకింది. మొక్క తేరుకుంది, బుద్ధిగా ముడుచుకుంది. అన్నయ్య తేరుకోవడానికి మాత్రం డిపార్ట్‌మెంటు రెండురోజులు సెలవిచ్చింది.