పాప మంచానికి పద్నాలుగు అడుగులు

ఆఫీసులో అందరూ అతన్ని మీటర్ అని పిలిచేవారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. ఆస్పత్రుల్లో ఎక్స్‌రే మెషిన్లు బాగుచేయడం అతని పని. నెలలో ఇరవై రెండు రోజులు ఊళ్ళు పట్టుకుని తిరగడమే. స్టేషన్ నుంచి లాడ్జికి ఎన్ని అడుగులో, లాడ్జి నుంచి ఆస్పత్రికి ఎన్ని నిమిషాలో ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు.

అతని ధైర్యమంతా ఫోన్‌లో ఉండేది. రైలు టికెట్లకి ఒక యాప్, కార్లకి ఒకటి, బ్యాగులో ఏం సర్దాలో గుర్తుచేసేది ఒకటి, భాష రాని చోట మన మాటని వాళ్ళ మాటగా మార్చేది ఒకటి, నడిచిన అడుగులు లెక్కపెట్టేది ఒకటి, ఇంటి గుమ్మం పైన ఉన్న కెమెరాని ఎక్కడినుంచైనా చూపించేది ఇంకొకటి. మొత్తం పంతొమ్మిది. టూరుకి బయల్దేరేవాళ్ళు అతని దగ్గరికొచ్చి, "అన్నా, ఏమేం వేసుకోవాలి?" అని ఫోన్లు చేతిలో పెట్టేవారు. ఆరు నిమిషాల్లో అన్నీ ఎక్కించి ఇచ్చేవాడు.

"అది ఏదో అడుగుతోంది, చదవొద్దా?" అనేవాళ్ళు కొందరు.

"సరే నొక్కెయ్. చదువుతూ కూర్చుంటే రైలు వెళ్ళిపోతుంది."

ఇవన్నీ కాక అతను సొంతంగా కనిపెట్టిన చిట్కా ఒకటుంది. మ్యాపులో 'ఇల్లు' అని ఒక బటన్ ఉంటుంది కదా. ఏ ఊళ్ళో దిగితే ఆ ఊరి లాడ్జిని అక్కడ ఇల్లుగా పెట్టుకునేవాడు. పని అయ్యాక తెలియని సందుల్లో తడుముకోకుండా ఒక్క నొక్కు నొక్కితే చాలు, దారి చూపించేది. అతను గదికి చేరగానే భార్య ఫోన్‌కి 'ఇంటికి చేరారు' అని కబురు కూడా వెళ్ళేది. మూడేళ్ళలో అలా నూట నలభై రెండు ఇళ్ళు మార్చాడు.

"ఇన్ని ఇళ్ళున్నవాణ్ణి చేసుకున్నానని మా వాళ్ళకి తెలీదు," అని భార్య దెప్పేది. "ఇంతకీ మేమున్న ఇల్లు ఎన్నో నంబరండీ?"

"మీది సున్నా. లెక్క అక్కడే మొదలు."

ఆ జవాబుకి ఆమె మొదట్లో నవ్వేది. ఈ మధ్య నవ్వడం లేదు. అతను ఆ తేడాని లెక్కలోకి తీసుకోలేదు.

నూట నలభై మూడో ఊళ్ళో రోజంతా వాన. మెషిన్ పని తెమిలేసరికి సాయంత్రం ఐదున్నర అయింది. గొడుగు లేక తల మీద బ్యాగు పెట్టుకుని లాడ్జికి నడిచాడు. ఏడువందల అరవై అడుగులు. బ్యాగు పిడికి ఎర్ర రిబ్బను ముడి ఉంది. స్టేషన్‌లో వేరేవాళ్ళ బ్యాగు తెచ్చేసుకుంటాడని అతని ఐదేళ్ళ కూతురు కట్టింది.

కౌంటర్ వెనక ముసలాయన కళ్ళజోడు మీదుగా చూశాడు.

"ఎన్నాళ్ళు?"

"ఒక్క రాత్రే బాబాయ్. పొద్దున్నే రైలు."

"అంతా ఒక్క రాత్రే," అంటూ ఆయన రిజిస్టరు తిప్పి ముందు పెట్టాడు. "ఆ పదకొండో నంబరులో ఒకాయన తప్ప."

మీటర్ పట్టించుకోలేదు. ఫోన్‌లో ముప్పై ఎనిమిది శాతమే ఉందని చూసుకుంటూ సంతకం పెట్టి, తాళంచెవి తీసుకున్నాడు. బిళ్ళ మీద పదకొండు అని ఉంది.

గది రెండో అంతస్తులో, నడవా చివర. తలుపు తీయగానే ఎన్నేళ్ళుగానో తెరవని బీరువా వాసన, దాని కింద తడిసిన దుప్పటి వాసన. ఒక మంచం, ఒక కుర్చీ, గోడవైపు తెరుచుకునే కిటికీ. స్నానాలగదిలో పంపు చుక్క చుక్కగా కారుతోంది. మంచం మీద కూర్చుంటే ఒక పక్కకి జారిపోయాడు. పరుపులో ఆ పక్కన మనిషి పొడుగున గుంట పడి ఉంది. ఒకే మనిషి, ఒకే వైపు తిరిగి, చాలాకాలం పడుకుంటే పడే గుంట.

తర్వాత తగిలిద్దామని చార్జరు తీసి మంచం మీద పడేశాడు. అలవాటుగా మ్యాపు తెరిచి, లాడ్జిని ఇల్లుగా మార్చాడు. ఎప్పుడూ రాని ప్రశ్న ఒకటి వచ్చింది. ఈ చిరునామా ఇప్పటికే ఒకరి ఇల్లు అనో, వాళ్ళతో మార్చుకుంటారా అనో...

సరే నొక్కాడు.

ఆరూ పన్నెండుకి భార్య ఫోన్ చేసింది.

"ఇంటికి చేరారని వచ్చింది. తడిశారా?"

"కొంచెం. పాప ఏం చేస్తోంది?"

"గోడ మీద బొమ్మలు. అద్దె ఇల్లే అంటే వినదు. మీరు వచ్చి సున్నం వేద్దురుగాని."

వెనక నుంచి పాప ఏదో అరుస్తోంది. అతను నవ్వుతూ తడిసిన నీలం గళ్ళ చొక్కా గుండీలు విప్పుకుంటున్నాడు. అప్పుడు వాళ్ళింటి కాలింగ్ బెల్ ఫోన్‌లో వినిపించింది.

"ఎవరో వచ్చారు, ఉండండి," అంది భార్య. చెప్పుల చప్పుడు, కిటికీ తీసిన చప్పుడు. తర్వాత పాప గొంతు, దగ్గరగా, సంతోషంగా. "అమ్మా, నాన్న."

"ఏమండీ, భలేవారే," భార్య నవ్వుతోంది. "ఫోన్‌లో కబుర్లు చెబుతూ గుమ్మం దాకా వచ్చేశారా. ముందే చెబితే కాస్త ఇల్లు సర్దేదాన్ని కదా."

"ఎవరు వచ్చారు? నేను లాడ్జిలో ఉన్నాను."

"సరేలెండి, ఉన్నారు," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

అతను గుమ్మం కెమెరా తెరిచాడు. బొమ్మ రావడానికి నాలుగు సెకన్లు పట్టింది. గుమ్మం ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తలుపుకి వీపు పెట్టి, వీధి వైపు తిరిగి. వీపు మీద అదే నీలం గళ్ళ చొక్కా, తడిసి అంటుకుపోయి. చేతిలో బ్యాగు. పిడికి ఎర్ర రిబ్బను.

మీటర్ తన బ్యాగు వైపు చూశాడు. కుర్చీలోనే ఉంది. పిడి బోసిగా ఉంది. ముడి ఉన్న చోట రంగు వెలవని గుర్తు మాత్రం మిగిలింది.

ఫోన్‌లో తలుపు తెరుచుకున్న చప్పుడు. ఆ మనిషి ఇటు తిరగలేదు. అలాగే వెనకడుగులు వేస్తూ... ఒకటి... రెండు... మూడు... కెమెరా కిందుగా లోపలికి వెళ్ళాడు. అది ఆట అనుకుని పాప కిలకిలా నవ్వింది.

తలుపు మూసుకుంది.

అతను మళ్ళీ ఫోన్ చేశాడు. ఐదుసార్లు మోగాక భార్య ఎత్తింది.

"నా మాట విను. పాపని తీసుకుని బయటికి వచ్చెయ్. వాడు నేను కాదు."

"ఇది కూడా కొత్త యాపా? మీ గొంతుతో మాట్లాడుతుందా?" ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టుంది. "ఫోన్‌లో మీరు, కుర్చీలో మీరు. ఇలాంటివి ఎక్కడ దొరుకుతాయండీ మీకు?"

"వాడి ముఖం చూశావా?"

"చూడనిస్తేగా. వచ్చిన దగ్గర్నుంచి గోడ వైపు తిరిగి కూర్చున్నారు. పాప బొమ్మలు చూస్తున్నారట."

అతనికి ఒక్క ఆలోచన తట్టింది.

"ఒకటి అడుగు. మన ఇల్లు ఎన్నో నంబరో అడుగు. ఆ జవాబు మనిద్దరికీ తప్ప ఎవరికీ తెలీదు. అది చెప్పలేకపోతే వచ్చేస్తావా?"

"ఏమండీ," అని అటు తిరిగి అడిగింది. "మనం ఉన్న ఇల్లు ఎన్నో నంబరు?"

ఈ గదిలో పంపు కారుతోంది. తర్వాత అటునుంచి, మెల్లగా, చాలాకాలంగా ఎవరితోనూ మాట్లాడని మనిషిలాగా, అతని గొంతే వినిపించింది.

"నంబరేంటి. నాకున్నది ఇదొక్కటే."

భార్య ఊపిరి మాత్రం వినిపిస్తోంది. మూడేళ్ళుగా ఆమె ఏ జవాబు కోసం ఆ ప్రశ్న అడుగుతూ వచ్చిందో అతనికి అప్పుడు తెలిసింది.

"అది కాదు జవాబు," అన్నాడతను. "సున్నా. మనది సున్నా..."

ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

అప్పుడు తన యాప్‌లన్నీ ఒక్కొక్కటిగా తెరిచాడు. ఇంటికి నాలుగువందల పన్నెండు కిలోమీటర్లు. కార్ల యాప్‌లో దగ్గర్లో ఒక్క బండీ లేదు. రైళ్ళలో చివరిది ఐదూ యాభైకి వెళ్ళిపోయింది, మళ్ళీ పొద్దున ఐదూ పదికి. మ్యాపులో 'ఇల్లు' తీసేసి పాత చిరునామా పెట్టబోతే, ఇది మీది కాదు అంది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే. 'ఇల్లు' నొక్కితే ఒకే మాట. మీరు ఇంట్లోనే ఉన్నారు.

కింది వాటాలో ఉండే టైలర్ బాబాయి గుర్తొచ్చాడు. ఆయనకి చేసి, ఏదో వంకతో పైకి వెళ్ళి చూడమని బతిమాలాడు. ఆయన పది నిమిషాల్లో తిరిగి చేశాడు.

"నాతో ఆటలేంటి బాబూ. నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా. పాప నీ ఒళ్ళో కూర్చుంది. మోకాలి నొప్పి ఎలా ఉంది బాబాయ్ అని అడిగావు కూడా."

"ముఖం చూశావా బాబాయ్?"

"దీపం వెనకుంది బాబూ. సరిగ్గా ఆనలేదు." ఆయన గొంతు తగ్గించాడు. "ఇంకెప్పుడూ నన్ను పంపించకు."

పోలీసులకి చేశాడు. వాళ్ళు వివరాలు రాసుకుని, అరగంట తర్వాత చేశారు. ఇంటాయన ఇంట్లోనే ఉన్నాడని, ఆయనే మాట్లాడాడని, మళ్ళీ చేస్తే కేసు పెడతామని చెప్పారు.

అతను మెట్లు దిగి కౌంటర్ దగ్గరికి పరిగెత్తాడు.

"బండి కావాలి బాబాయ్. ఏదైనా సరే. ఎంతైనా సరే."

"వంతెన మీదికి నీళ్ళొచ్చాయి. ఐదున్నర నుంచి బళ్ళు ఆపేశారు. పొద్దుటికి గానీ వదలరు."

"నా గదిలో ఎవరో ఒకాయన అన్నారు మీరు. ఎవరాయన?"

ముసలాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నీలాగే తిరుగుళ్ళ ఉద్యోగం. ఒక్క రాత్రికని వచ్చాడు. నా ఇల్లు కనపడటం లేదని రోజూ వచ్చి ఇక్కడే నిలబడి అడిగేవాడు. నాకేం తెలుస్తుంది? చాలా ఏళ్ళు ఉన్నాడు."

"ఎప్పుడు ఖాళీ చేశాడు?"

"చేయలేదు. కొన్నాళ్ళకి కనపడటం మానేశాడు. తాళం లోపలినుంచే వేసుంది. మనిషి లేడు. పంపు మాత్రం అప్పట్నుంచి కారుతూనే ఉంది."

ఆయన అడుగునుంచి పాత రిజిస్టరు తీశాడు. దుమ్ము దులిపి, ఒక పేజీ వెతికి పట్టుకున్నాడు. ఆ వరసలో వచ్చిన తేదీ వెలిసిపోయి ఉంది. వెళ్ళిన తేదీ గడి ఖాళీగా ఉంది.

"పైన పంపు కారడం ఆగిందా?" అని అడిగాడు మెల్లగా.

మీటర్ చెవి రిక్కించాడు. పైనుంచి ఏ చప్పుడూ లేదు.

ముసలాయన గట్టిగా ఊపిరి వదిలి, ఆ ఖాళీ గడిలో ఆ రోజు తేదీ వేశాడు. తర్వాత కొత్త రిజిస్టరు కూడా తెరిచి, మీటర్ పేరు దగ్గర 'ఒక్క రాత్రి' అని రాసిన చోట ఒక గీత కొట్టాడు.

ఫోన్‌లో ఆరు శాతం ఉంది. చార్జరు గదిలో ఉంది. వేరే దారి లేక మళ్ళీ పైకి వెళ్ళాడు.

ఫోన్‌ని మంచం మీద పెట్టి, తీగ తగిలించి, కింద నేల మీద కూర్చున్నాడు. పరుపులో గుంట మీద కూర్చోవడానికి మనసొప్పలేదు. గంట ఎనిమిదిన్నర. పాప పడుకునే వేళ. పుట్టిన కొత్తలో అది రాత్రంతా ఏడిస్తే, భుజాన వేసుకుని అతనే తిప్పేవాడు. వంటగది నుంచి మంచానికి పద్నాలుగు అడుగులు. మంచం నుంచి వంటగదికి పద్నాలుగు. ఎన్ని వేలసార్లో. అప్పుడే అతనికి లెక్కపెట్టడం అలవాటయింది.

ఫోన్ వెలిగింది.

అడుగుల యాప్. ఆ రోజు నడిచినవి తొమ్మిదివేల నూట నాలుగు అని చూపిస్తోంది. చూస్తుండగానే నూట ఐదు అయింది.

అతను కదల్లేదు. ఫోన్ కదల్లేదు.

నూట ఆరు... నూట ఏడు...

నెమ్మదిగా. భుజాన పిల్ల ఉన్నవాడు నడిచినంత నెమ్మదిగా.

భార్యకి చేశాడు. స్విచాఫ్. టైలర్ బాబాయికి చేశాడు. మోగుతోంది, ఎత్తడం లేదు. గుమ్మం కెమెరాలో ఖాళీ మెట్లు, వాన.

నూట పదమూడు... నూట పద్నాలుగు...

"పాపా," అన్నాడు ఫోన్‌తో. అది ఎటూ కలపని ఫోన్. "పాపా, కళ్ళు మూసుకోకమ్మా."

నూట పదిహేడు.

నూట పద్దెనిమిది.

ఆగింది. పద్నాలుగు అడుగులు. మంచం దగ్గరికి చేరాడు. ఇప్పుడు వంగి పడుకోబెడతాడు. దుప్పటి కప్పుతాడు. తర్వాత మళ్ళీ పద్నాలుగు వెనక్కి. అంతే. అంతకుమించి ఏమీ ఉండదు. అతను అదే లెక్కని నోట్లో జపంలా అనుకుంటూ చూశాడు.

చాలాసేపటికి అంకె మళ్ళీ కదిలింది. నూట పంతొమ్మిది. నూట ఇరవై.

వెనక్కి వెళ్తున్నాడు, అనుకున్నాడు. అప్పుడు తెర అడుగున, ఎప్పుడూ పట్టించుకోని చిన్న బాణం గుర్తు కనపడింది. వెళ్తున్న దిక్కు చూపించేది. అది తిరగలేదు. ముందుకే ఉంది.

పాప మంచం ఆవల గోడ ఉంది. సాయంత్రం పాప దాని మీద బొమ్మలు వేస్తోందని భార్య చెప్పిన గోడ. దాని అవతల ఇల్లు లేదు, గది లేదు, మూడో అంతస్తు గాలి తప్ప ఏమీ లేదు.

నూట ఇరవై ఒకటి... నూట ఇరవై రెండు...

ఇప్పుడు ప్రతిసారీ అంకె రెండేసి పెరుగుతోంది, పెద్ద అడుగు పక్కనే ఒక చిన్న అడుగు పడుతున్నట్టు.