మడతల నెలవంకలు

“ఇదేమన్నా మాండూ అనుకున్నావా? ఎవరు పెట్టమన్నారు నిన్ను ఈ మడతలు?”

యేరిమ్ అరుపుకి టేవుక్ వేళ్ళు టక్కున ఆగిపోయాయి. పాపం, వాళ్ళది పక్కనే మాండూ కుడుముల కొట్టు. బుద్ధెరిగినప్పటినుంచీ అంచులు మడిచిన చెయ్యి. ఛూసక్ కోతల పండక్కి చేసే సోంగ్‌ప్యోన్ కుడుములకేమో అంచు నున్నగా ఉండాలి, అచ్చం నెలవంకలా. బియ్యప్పిండిలో నువ్వులు పెట్టి మూసేలోపే అతని వేళ్ళు వాటంతటవే మడతలు వేసేస్తున్నాయి.

జోంజూ బజారులో వంపు తిరిగిన ప్రతిదీ నెలవంకే. దువ్వెన నెలవంక, పులుసులోకి తరిగిన గుమ్మడి ముక్క నెలవంక. కొండల్లో తిరిగే ఎలుగుబంటి సైతం రొమ్ము మీది తెల్లమచ్చ పుణ్యమా అని నెలవంక ఎలుగే. ఇక యేరిమ్ నవ్విందంటే కళ్ళు రెండూ నెలవంకలే. వాటి కోసమే టేవుక్ సొంత కొట్టు నాన్నకి వదిలేసి ఇక్కడ యేరిమ్ వాళ్ళ మామ్మ కొట్టులో పిండి పిసుకుతున్నాడు.

పొద్దున్నే ధైర్యం చేసి మామ్మని అడిగేశాడు కూడా.

“మామ్మగారూ, మీ మనవరాలిని నాకిస్తారా?”

“సోంగ్‌ప్యోన్ చక్కగా చేసినవాడికే చక్కని పెళ్ళాం. సాయంత్రానికి ఒక పళ్ళెం చేసి చూపించు. మడతలొచ్చాయో, రేపు ఆ సువోన్ ఊరి సంబంధం వాళ్ళని రమ్మంటాను!”

అందుకే పాపం ఆ చెమటలు. యేరిమ్ మాత్రం తిడుతూనే ఉంది, పైన్ చెట్టు ఆకుల మీద పేర్చి ఆవిరికి పెడుతూనే ఉంది.

సాయంత్రం మామ్మ వచ్చి మూత తీసింది. పళ్ళెంలో నున్నటివి కాసిని ఉన్నాయి. మడతలది ఒక్కటీ లేదు!

“మడతలవి ఏమయ్యాయబ్బా?” అని పైకే అనేశాడు వెర్రిబాగులవాడు.

యేరిమ్ కళ్ళెర్రజేసింది. నోరు విప్పుదామంటే బుగ్గలు రెండూ నిండుగా ఉన్నాయి.

“ఏమే, ఏమిటది నోట్లో?” అంది మామ్మ.

యేరిమ్ కష్టపడి మింగింది. “ఆకలేసింది మామ్మా.”

“ఆకలికి మడతలవే కావాల్సొచ్చాయా?”

“నువ్వు చూస్తే సువోన్ వాళ్ళకి ఫోన్ చేస్తావుగా...” పిల్ల చెవులు ఎర్రబడిపోయాయి.

టేవుక్‌కి కాళ్ళు నేల మీద ఆగలేదు. “అంత ఇష్టమైతే ఒక్క మాట చెప్పొచ్చుగా!”

“కడుపు పగిలేలా తిన్నాక ఇంకేం చెప్పాలిరా, మొద్దూ!”

మామ్మ ఫోన్ అందుకుని నంబరు నొక్కింది. యేరిమ్ గబుక్కున టేవుక్ చెయ్యి పట్టుకుంది, పిండి చేత్తోనే.

“హలో, పెళ్ళిళ్ళ పేరమ్మా? సువోన్ వాళ్ళకి వద్దని చెప్పెయ్. మా పిల్లకి పక్క కొట్టులోనే కుదిరింది.”

ఫోన్ పెట్టేసి మామ్మ ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

“చేతులు వదిలి పిండి కలపండి. నాకింకా ఒక్కటీ పెట్టనేలేదు!”